హెచ్చరిక ఎక్కడ తెగిపోతుంది?

నెల్లూరు తీరంలో పెద్దవాళ్లకు తుపాను అంటే ముందు గుర్తొచ్చేది కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికే. "మూడో నంబరు ఎగరేశారంట" అన్న మాట చెవిన పడితే చాలు, పడవలు ఒడ్డుకెక్కేవి. కానీ ఆ మాట పాలేనికి చేరేది రేడియోలోనో, దండోరాతోనో.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని మింగాక తీరమంతా తుపాను షెల్టర్లు లేచాయి. 1980ల మధ్యలో ఇన్సాట్-1బి ఉపగ్రహం ద్వారా తీరంలోని రిసీవర్లకు నేరుగా హెచ్చరిక పంపే పద్ధతి వచ్చింది. ముందు సైరన్ మోగేది, వెనకే తెలుగులో మాట వినిపించేది. గాలికి టెలిఫోన్ తీగలు తెగినా ఆగని దారి అది. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. ఆ మరుసటి మే నెల తుపానుకు రాష్ట్రంలో లక్షలమందిని ముందుగానే తరలించగలిగారు.

2004 డిసెంబరు 26న ఇవేవీ పనికి రాలేదు. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. అల మన ఒడ్డు తాకడానికి రెండు గంటల పైనే పట్టింది. రెండు గంటలు! నెల్లూరు, ప్రకాశం పాలేల్లో మాత్రం ఎవరికీ కబురు లేదు, ఎందుకంటే అప్పటికి హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది.

2021 నవంబరులో ముప్పు సముద్రం వైపు నుంచి కాదు, ఎగువ నుంచి వచ్చింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల నుంచి పెన్నాకు భారీగా నీరు వదిలారు. కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది.

ఇప్పుడు సెల్ టవర్ పరిధిలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగేలా హెచ్చరిక పంపొచ్చు. 2023లో పరీక్షగా పంపితే ఇళ్లలో అందరూ ఉలిక్కిపడ్డారు. మంచి పద్ధతే, కాదనను. కానీ టవర్‌కు కరెంటు కావాలి, కరెంటు పోతే బ్యాటరీ, అది అయిపోతే జనరేటర్‌కు డీజిల్. డీజిల్ తెచ్చే రోడ్డే మునిగితే? 2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో కరెంటూ ఫోన్లూ కలిసే పోయాయి. ముప్పు అంచనా అంటే నా దృష్టిలో ఇదే: ఏ రెండు దారులు ఒకే కారణంతో ఒకేసారి తెగుతాయో ముందే వెతికి పెట్టుకోవడం.

తీరంలోని ఒక మండల ఆఫీసులో గోడకు అంటించిన ఫోన్ నంబర్ల జాబితా చూశాను. అందులో రెండు నంబర్లకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ పక్క పాలెంలో గుడి మైకు బ్యాటరీ మీద నడుస్తుంది, ఊరంతా వినిపిస్తుంది. దాని తాళంచెవి ఉన్నాయన నంబరు జాబితాలో లేదు.