వేయిస్తంభాల గుడి నాటి వెలుగు

ఫిబ్రవరి రెండోవారంలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి, దక్షిణానికి తిరిగి తలెత్తండి. బాగా ఎత్తున మూడు చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటిని గొర్రుకొయ్యలంటారు. విత్తనాలేసే గొర్రును చూసినవాళ్లకు ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. పడమటివైపు చిన్న ముద్దలా కనిపించేది పిల్లలకోడి, అంటే కృత్తిక.

చాలామంది రెండు నిమిషాలు చూసి, ఏమీ లేదని దిగిపోతారు. లోపం ఆకాశంలో లేదు, కంటికి వ్యవధి ఇవ్వకపోవడంలో ఉంది. మసక వెలుతురులో చూపునిచ్చేవి కంటి వెనక పొర రెటీనాలోని దండ కణాలు. వాటిలోని రొడాప్సిన్ అనే రంగుపదార్థం వెలుతురుకు విరిగిపోతుంది, చీకట్లో మళ్లీ తయారవుతుంది. అందుకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కావాలి. దాని తయారీకి విటమిన్ ఎ అవసరం, అది తగ్గితే రేచీకటి వస్తుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూస్తే చాలు, కూడబెట్టిన చూపులో చాలా భాగం పోయి మళ్లీ ఎదురుచూడాలి. రెటీనా నడిమి గుంటలో దండ కణాలుండవు. కాబట్టి మసక చుక్కను సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే అది తేటపడుతుంది. పిల్లలకోడి మీద ప్రయత్నించండి. సూటిగా చూసినప్పుడు కనబడని మసక చుక్కలు పక్కచూపుకు తేలతాయి.

మనసు నెమ్మదించేది ఈ అరగంటలోనే. ఫోన్ లేదు, చేయాల్సిన పనీ లేదు, కన్ను తన పని తాను చేసుకుంటుంది. 2015లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఎత్తైన యూకలిప్టస్ చెట్లను ఒక్క నిమిషం తలెత్తి చూసినవాళ్లు, భవనాన్ని చూసినవాళ్లకంటే ఎక్కువగా ఎదుటి మనిషి కిందపడేసుకున్న పెన్నులు ఏరి ఇచ్చారు. అది చెట్ల మీద చేసినది, నక్షత్రాల మీద కాదు. అయినా తనకంటే చాలా పెద్దదాన్ని చూసినప్పుడు ‘నేను’ కాస్త తగ్గుతుందన్న మాట మాకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది.

నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, నులకమంచం వాల్చుకోండి. వీధిదీపం కంట్లో పడకుండా పిట్టగోడ చాటు చూసుకోండి. హనుమకొండ నడిబొడ్డున ప్రకాశవంతమైన చుక్కలే మిగులుతాయి. పాలపుంత కావాలంటే ఊరికి దూరంగా, అమావాస్యకు అటూ ఇటూ అయిదు రోజుల్లో చూడాలి. రామగుండం వైపువాళ్లకు దీపాల కాంతి ఆకాశపు అంచును తెల్లగా చేస్తుంది, ఆ దిక్కుకు వీపు పెట్టండి. చెరువు కట్ట మీదికి వెళ్తే పురుగూపుట్రా చూసుకోవడానికి టార్చి తప్పనిసరి. దాని మూతికి ఎర్రటి పల్చని కాగితం రెండు పొరలు చుట్టండి. దండ కణాలను ఎరుపు వెలుగు తక్కువగా చెదరగొడుతుంది.

చాచిన చేతి పిడికిలి ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. ఓరుగల్లు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువనక్షత్రం ఉత్తరాన రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. అటు దక్షిణాన అగస్త్య నక్షత్రం కూడా రాత్రి తొమ్మిదింటికి ఇంచుమించు అంతే ఎత్తున వెలుగుతుంది.

ఇక గొర్రుకొయ్యల దగ్గరికి రండి. ఎడమకు దిగువన మెరిసేది సిరియస్, 8.6 కాంతి సంవత్సరాల దూరం, అంటే దాని వెలుగు మనల్ని చేరడానికి 8.6 ఏళ్లు పడుతుంది. ఆ వెలుగు బయల్దేరినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు మూడో తరగతిలో ఉంటారు. కుడికి దిగువన నీలిఛాయ తెలుపులో ఉన్నది రిగెల్. దాని దూరం దాదాపు 860 కాంతి సంవత్సరాలు, కొలతలో కొన్ని పదుల ఏళ్ల తేడా ఉండొచ్చు. రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన శాసనం 1163 నాటిది. శిల్పులు ఆ స్తంభాలు చెక్కుతున్న కాలంలో బయల్దేరిన వెలుగు ఈ రాత్రి మీ కంట్లో ఆగుతుంది.

మే వచ్చేసరికి ఈ చుక్కలు సాయంత్రపు వెలుగులో కలిసిపోతాయి. సూర్యుడు వాటి దిక్కుకు చేరుతాడు. ఆ రోజులనే మనం రోహిణి, మృగశిర, ఆరుద్ర కార్తెలంటాం. ఆకాశంలో గొర్రుకొయ్యలు కనబడని ఆ రోజుల్లోనే చెలకల్లో గొర్రు దిగుతుంది.