మూడో అంతస్తుకు ఎలుక ఎలా ఎక్కింది?

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

కొత్త ఇంట్లో ఎలుకల గోల ఎక్కువైందని, చిన్నా స్కూలు బ్యాగుకు కన్నం పెట్టాయని అమ్మ ఫోన్లో చెప్పింది. మూడో అంతస్తులోకి ఎలుక ఎలా వస్తుందని బుజ్జి అడిగిందట. అది తెలిస్తే సగం పని అయినట్టే.

పెంటికలు నల్లగా, బియ్యపు గింజంత ఉన్నాయంటే అవి చిట్టెలుకలే. పందికొక్కులు పైకి రావు, కింద సెల్లారు, డ్రైనేజీ దగ్గరే తిరుగుతాయి. చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు చాలు. తల దూరితే ఒళ్ళంతా దూరుతుంది. గరుకు గోడైతే సునాయాసంగా ఎక్కుతుంది. మీ వంటింటి వెనక, బాత్రూము వెనక పైపులన్నీ ఒకే షాఫ్టులోంచి కింది నుంచి టెర్రస్ దాకా పోతాయి కదా, అదే దాని మెట్లదారి. మనం ఫ్లాట్లకు నంబర్లు వేసుకున్నాం గానీ దానికి బిల్డింగంతా ఒకటే ఇల్లు. మీ ఇల్లు శుభ్రంగా ఉండదు కాబట్టే ఎలుకలు వచ్చాయని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఈ రాత్రి మీ ఇద్దరికీ ఓ పని. పడుకోబోయే ముందు ఫ్రిజ్ వెనక, సింకు కింద గోడ వారగా ముగ్గుపిండి పలచగా చల్లండి. ఎలుక గది మధ్యలో నడవడానికి ఇష్టపడదు, గోడకు మీసాలు తగిలించుకుంటూ పరిగెడుతుంది. పొద్దున్నే టార్చి వేసి చూడండి. ముందు పాదానికి నాలుగు వేళ్ళు, వెనక పాదానికి అయిదు కనిపిస్తాయి. ఒక్కోచోట సన్నటి గీత ఉంటుంది, అది తోక ఈడ్చిన గుర్తు. ఆ అచ్చులు ఎటు పోతున్నాయో పట్టుకుంటే కన్నం దొరుకుతుంది. సింకు గొట్టం గోడలోకి పోయేచోటు, ఏసీ పైపు దూర్చిన రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను, బాల్కనీ తలుపు కింద సందు కూడా చూడండి.

దొరికిన కన్నంలో గుడ్డలు, థర్మకోల్ కుక్కితే లాభం లేదు. ఎలుక ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు బిగించి దూర్చి, పైన సిమెంటు పెట్టాలి. ఫ్యానుకు ఇనుప జాలీ. అద్దె ఇంట్లో సిమెంటు పెడితే ఓనరు ఏమంటాడోనని నాన్నకు టెన్షన్ అట. ముందు ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చెయ్యమనండి. గోడ కన్నం ఓనరు చూసుకోవాల్సిన విషయం, షాఫ్టు సంగతి అసోసియేషన్ వాళ్ళది. మీ ఒక్క ఫ్లాటులో పూడిస్తే అవి పక్కింటికి పోతాయి, అక్కణ్ణుంచి మళ్ళీ దారి వెతుక్కుంటాయి. ఆలస్యం మాత్రం వద్దు. ఆడ ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్క ఈతకు ఆరేడు పిల్లలు. ఆ పిల్లలు కూడా నెలన్నరకే పిల్లల్ని కనే వయసుకు వస్తాయి.

అమ్మకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. స్టవ్ కింద గ్యాస్ ట్యూబు మామూలు రబ్బరుదైతే వెంటనే తీయించెయ్యమనండి. ఎలుక కొరికితే గ్యాస్ లీకవుతుంది. లోపల స్టీలు తీగ అల్లిన నారింజ రంగు సురక్షా ట్యూబు వేయించి, అయిదేళ్ళకోసారి మార్చాలి.

ఎలుకల మందు వద్దనే నేనంటాను. తిన్న ఎలుక ఏ బీరువా వెనకో చస్తే ఆ కంపు భరించలేం. అంతకన్నా పెద్ద భయం మీ గురించే. కొన్ని పేస్టుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. పొరపాటున నోట్లోకి పోతే లివర్ పాడవుతుంది, విరుగుడు మందు లేదు. ఇంట్లో అలాంటి ట్యూబు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్ళకు చెప్పండి. జిగురు అట్టలూ వద్దు. వాటికి అతుక్కున్న ఎలుక గంటల తరబడి గిలగిల్లాడుతుంది. వాటిని ఆపించమని జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు సూచించింది కూడా. పిల్లిని పెంచుకుందామంటున్నాడట చిన్నా, అదేమో ఓనరు ఒప్పుకోడు!

బోను పెట్టండి. ఎండు కొబ్బరి ముక్కో, పకోడీయో కొక్కేనికి గట్టిగా గుచ్చి, అచ్చులు కనిపించిన గోడకు ఆనించండి. ఆ రాత్రి వంటింట్లో ఇంకేమీ తినడానికి దొరకకూడదు. బియ్యం, పప్పులు మూత బిగిసే డబ్బాల్లోకి పోవాలి, చెత్తబుట్ట రాత్రే ఖాళీ అవ్వాలి.

పెంటికల్ని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, గ్లవుజులు వేసుకుని పాత గుడ్డతో తుడవాలి. అది అమ్మానాన్నల పని.

బోనులో పడ్డ ఎలుక సంగతి నాన్న చూసుకుంటాడు. మీరు చూడొచ్చు గానీ లోపల వేలు పెట్టొద్దు. కొరికిందంటే వెంటనే సబ్బుతో కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ముగ్గుపిండిలో ఏం కనిపించిందో బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య