స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన రాత్రి: అరెస్టు హక్కులపై అపోహలు - వాస్తవాలు

మా జిల్లా కోర్టులో లీగల్ ఎయిడ్ తరఫున రిమాండ్ డ్యూటీ చేస్తుంటాను. అరెస్టయినవాళ్లను మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడు, లాయర్ లేనివాళ్ల పక్కన నిలబడేది నేనే. రాత్రి పదకొండు దాటాక నాకొచ్చే ఫోన్లు దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి. "మేడమ్, మావాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఎందుకో చెప్పట్లేదు." ఆ టెన్షన్‌లో ఇంట్లోవాళ్లు ఎవరేం చెప్పినా నమ్ముతారు. చుట్టాలు ఒకటి చెప్తారు, స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఇంకొకరు ఇంకోటి చెప్తారు. వాటిలో ఎక్కువగా వినిపించే తప్పు మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: "ఈ హక్కులన్నీ నేరాలు చేసేవాళ్ల కోసం. మనకెందుకు?"

అరెస్టయిన మనిషి తప్పు చేశాడో లేదో అప్పటికి ఎవరూ తేల్చలేదు. అది ముందు గుర్తుపెట్టుకోవాలి. బీహార్‌లోని ముజఫర్‌పూర్ జైల్లో ఉన్న రుదుల్ షాను 1968 జూన్‌లో సెషన్స్ కోర్టు నిర్దోషిగా తేల్చింది. ఆయన బయటికొచ్చింది 1982 అక్టోబరులో. నిర్దోషి అని కోర్టు చెప్పాక కూడా పద్నాలుగేళ్లు లోపలే ఉన్నాడు. ఆయన కేసులోనే 1983లో సుప్రీంకోర్టు, ప్రాథమిక హక్కును కాలరాసినందుకు ప్రభుత్వం నష్టపరిహారం కట్టాలని చెప్పింది. ప్రభుత్వం అంతకుముందు ఇచ్చిన 5 వేలు కాక మరో 30 వేలు ఇవ్వమంది. పద్నాలుగేళ్లకు ఆ డబ్బు ఏ మూలకు? కానీ తర్వాత లాకప్ మరణాల్లో, అక్రమ నిర్బంధాల్లో బాధిత కుటుంబాలకు పరిహారం రావడానికి ఆ తీర్పే దారి వేసింది.

అపోహ: "కాగితం మీద అరెస్టు చూపించేదాకా ఎన్ని రోజులైనా కూర్చోబెట్టుకోవచ్చు."

నేను అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. దీనివల్ల జరిగే నష్టం కూడా ఎక్కువే.

రాజ్యాంగంలోని ఆర్టికల్ 22 ప్రకారం, అరెస్టు చేసిన 24 గంటల్లో దగ్గర్లోని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. దారిలో ప్రయాణానికి పట్టే సమయం మాత్రమే మినహాయింపు. ఆదివారమనీ, పండగనీ ఆగడానికి లేదు. సెలవు రోజైతే మేజిస్ట్రేట్ గారి ఇంటికే తీసుకెళ్తారు. ఈ 24 గంటలు లెక్కపెట్టాల్సింది మనిషిని పట్టుకున్న క్షణం నుంచి. అరెస్టు మెమోలో, అంటే అరెస్టు చేసినట్టు పోలీసులు రాసే కాగితంలో, ఉన్న టైము నుంచి కాదని తెలంగాణ హైకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది.

రెండేళ్ల కిందట పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి సెల్‌ఫోన్ దొంగతనం కేసులో తీసుకొచ్చారు. పోలీసులు కోర్టుకిచ్చిన రిమాండ్ రిపోర్టులో "ఈ రోజు ఉదయం 9 గంటలకు అరెస్టు" అని ఉంది. వాళ్లమ్మ కోర్టు వరండాలో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఎప్పుడు తీసుకెళ్లారమ్మా?" అని అడిగితే "మొన్న పొద్దుగూకే యాళకు" అంది. నోటి మాటగా చెప్తే అది నిలవదని నాకు తెలుసు. "అన్నం పట్టుకెళ్లావా?" అన్నాను. కొంగు ముడి విప్పి నలిగిపోయిన ఆర్టీసీ టికెట్లు నాలుగు తీసింది. రెండు రోజులు ఊరి నుంచి స్టేషన్‌కి పోయొచ్చినవి. ప్రతిదాని మీదా తేదీ, టైము అచ్చయి ఉన్నాయి.

వాటిని మేజిస్ట్రేట్ గారి ముందు పెట్టాను. ఆయన పోలీసులను బయట నిలబడమని కుర్రాణ్ణి దగ్గరికి పిలిచారు. మొదటిసారి అడిగితే వాడు తల దించుకున్నాడు. రెండోసారి అడిగాక చెప్పాడు. అదంతా ఆర్డర్‌లో రాయించి, పోలీసుల వివరణ కోరి, ఆ రోజు వాణ్ణి సొంత పూచీకత్తు మీద వదిలారు.

అందుకే ఇంట్లోవాళ్లకు నేను మొదట చెప్పేది టైము రాసిపెట్టుకోమని. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు, మీరు స్టేషన్‌కి ఎప్పుడు వెళ్లారు, అన్నీ రాయండి. బస్సు టికెట్ మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది, ఫొటో తీసుకోండి. దేశంలో ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఆ ఫుటేజీ భద్రపరచమని లాయర్ ద్వారా పిటిషన్ వేయొచ్చు. మనిషిని అసలు చూపించకపోతే, అతన్ని కోర్టు ముందుకు తెప్పించమని హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్ ఉంది.

అపోహ: "ఎందుకు అరెస్టు చేస్తున్నారని అడిగితే ఎదురు తిరిగినట్టే."

అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. అదీ ఆర్టికల్ 22లోనే ఉంది. కారణాలు చెప్పలేదని తేలడంతో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక అరెస్టునే చెల్లదంది. ఆ కేసులో మనిషిని ఆసుపత్రి మంచానికి గొలుసులతో కట్టేశారు. అదే ఏడాది నవంబరులో ఇంకో అడుగు ముందుకేసి, కారణాలు రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలంది. ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని "చెప్పాం" అంటే కుదరదు. తెలుగులో ఇవ్వమని అడగండి. అరెస్టు సంగతి ఇంట్లోవాళ్లకో స్నేహితులకో తెలియజేయడం కూడా పోలీసుల బాధ్యతే.

అపోహ: "ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాలి, లేకపోతే అరెస్టే."

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకుంటే నోటీసు ఇచ్చి పిలవాలి. అందరూ ఇప్పటికీ 41ఏ నోటీసు అంటారు గానీ, 2024 జులై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త చట్టం వచ్చాక అది సెక్షన్ 35 నోటీసు. వాట్సాప్‌లో పంపితే ఆ నోటీసు ఇచ్చినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి నోటీసు అందితే మాత్రం తప్పకుండా వెళ్లండి. ఎగ్గొడితే అదే అరెస్టుకు కారణమవుతుంది.

సాక్షిగా పిలిచేటప్పుడు ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను, పదిహేనేళ్లలోపు పిల్లలను స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్ల ఇంటికే వచ్చి అడగాలి. పొద్దుగూకాక, తెల్లవారకముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి, మహిళా అధికారే చేయాలి.

అపోహ: "సంతకం పెడితే వదిలేస్తారు."

ఖాళీ కాగితం మీద ఎప్పుడూ పెట్టొద్దు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. తప్పు ఒప్పుకున్నట్టు పోలీసుల దగ్గర చెప్పిన మాట కోర్టులో సాక్ష్యంగా నిలవదు.

అపోహ: "లాయర్‌కి డబ్బుల్లేకపోతే చేసేదేమీ లేదు."

కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఫీజు లేని లాయర్ సరిగ్గా వాదించరనే అనుమానం నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. దానికి నా పనే జవాబు చెప్పాలి.

అపోహ: "ఫోన్‌లోనే అరెస్టు చేస్తారు, గదిలోంచి కదలకూడదు."

ఇది ఈమధ్య పుట్టింది. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. మొన్నామధ్య రిటైరైన మాస్టారొకరు ఇంటావిడ ఫోన్ నుంచి నాకు చేశారు, గొంతు తగ్గించి. పొద్దుటి నుంచి వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడెవడో కూర్చోబెట్టాడట. పెన్షన్ డబ్బు "వెరిఫికేషన్ కోసం" పంపమంటున్నాడట. ఆ కాల్ కట్ చేసేయండి మాస్టారూ అంటే ఆయనకు ధైర్యం చాలలేదు. "సరే, అయితే ఒక్క మాట అడగండి. 24 గంటల్లో నన్ను ఏ మేజిస్ట్రేట్ ముందు హాజరుపరుస్తారు, అరెస్టుకు కారణాలు రాసిన కాగితం ఎప్పుడిస్తారు అనండి" అన్నాను. ఆయన అడిగారు. అవతలివాడు ముందు అరిచాడు, తర్వాత బూతులు తిట్టాడు, ఆ తర్వాత వాడే కాల్ కట్ చేశాడు. మాస్టారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. డబ్బు అప్పటికింకా బ్యాంకులోనే ఉంది.