కాపలా కణమే కణితికి కాలువ తవ్వితే

చర్మం మీద ఊదారంగు మచ్చ. పాదం మీదో, ముక్కు చివరో, ఒక్కోసారి నోట్లో అంగిలి మీదో కనిపిస్తుంది. మనలాంటి ముదురు చర్మం మీదైతే గోధుమ, నలుపు రంగుల్లోకి తిరుగుతుంది. మామూలు ఎర్రటి దద్దును వేలితో నొక్కితే పాలిపోతుంది. ఇది సాధారణంగా పాలిపోదు, ఎందుకంటే ఇందులో రక్తం కొంత నాళాల్లోంచి కారిపోయి బయటే నిలిచిపోయింది. చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కదురులా సాగిన కణాలు, వాటి మధ్య సన్నటి చీలికలు, ఆ చీలికల్లో దారితప్పిన ఎర్ర రక్తకణాలు. మొత్తం మీద ఇది కండ గడ్డలా ఉండదు, హడావుడిగా అల్లిన రక్తనాళాల చిక్కులా ఉంటుంది.

1872లో దీన్ని వర్ణించిన వియన్నా చర్మవైద్యుడు మోరిట్జ్ కపోసీ పేరు మీద కపోసీ సార్కోమా అంటారు. ఇదొక రకం క్యాన్సర్. పాశ్చాత్య వైద్యులకు చాలాకాలం ఇది ఎక్కడో మధ్యధరా తీరంలో, తూర్పు యూరప్‌లో ముసలివాళ్లకు వచ్చే నిదానపు జబ్బుగానే తెలుసు. 1981లో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో స్వలింగ సంపర్కులైన యువకుల్లో ఒక్కసారిగా బయటపడింది. అది ఎయిడ్స్ తొలి ఆనవాళ్లలో ఒకటి. సహజంగానే అనుమానం హెచ్ఐవీ మీదికి పోయింది. కానీ లెక్క కుదరలేదు. రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్ఐవీ సోకిన హిమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) రోగుల్లో ఈ కణితి చాలా తక్కువ. అంటే ఇంకో నేరస్థుడు ఉన్నాడు. 1994లో కొలంబియా విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు వాణ్ణి పట్టుకున్నారు. అదొక కొత్త హెర్పిస్ వైరస్. పేరు కేఎస్‌హెచ్‌వీ, అంటే కపోసీ సార్కోమా హెర్పిస్ వైరస్.

మన అనుభవమూ అదే చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్ఐవీ భారం బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా కపోసీ సార్కోమా ఇక్కడ అరుదు. ఆ రెండో వైరస్ మన దగ్గర అంతగా లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం కావచ్చు.

ఈ వైరస్ ఎక్కడ దాక్కుంటుందన్నదే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి. దాని ప్రధాన స్థావరం బి కణాలు, అంటే మనకు యాంటీబాడీలు తయారుచేసి పెట్టే తెల్ల రక్తకణాలు. ఏళ్ల తరబడి అక్కడ చప్పుడు చేయకుండా ఉండగలదు.

ఇక్కడ అమెరికన్ సర్జన్ జుడా ఫోక్‌మన్‌ను తలుచుకోవాలి. కొత్త రక్తనాళాలు రాకపోతే కణితి కొద్ది మిల్లీమీటర్లు దాటి పెరగలేదని 1971లో ఆయన వాదించాడు. నీళ్లందని మడిలో పైరు ఎంతకని పెరుగుతుంది? నాళాలను రప్పించే ముఖ్యమైన ప్రొటీన్ వీఈజీఎఫ్. ఆక్సిజన్ చాలని కణాలు దాన్ని వదిలితే, దగ్గర్లోని నాళాల గోడలు మొలకలు వేస్తాయి. కేఎస్‌హెచ్‌వీ చేసే పనుల్లో ముఖ్యమైనది అవసరం లేకుండానే ఆ కబురు పంపించడం.

అందుకు కావలసిన సరంజామా మన దగ్గరే కొట్టేసింది. మన రోగనిరోధక కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతానికి ఈ వైరస్ దగ్గర సొంత నకలు ఉంది. అసలు సంకేతం పనిచేయాలంటే కణం మీద రెండు గ్రాహకాలు (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు) కలిసి రావాలి. ఒంట్లో వైరస్ పడిందని తెలిసి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ విడుదలైనప్పుడు, సోకిన బి కణం మొదటి గ్రాహకాన్ని తగ్గించేస్తుంది. అసలు సంకేతం గుమ్మం బయటే ఆగిపోతుంది. నకలుకి ఆ మొదటి గ్రాహకంతో పనే లేదు, నేరుగా రెండోదాన్ని తడుతుంది. ఈ నకలు వీఈజీఎఫ్ ఉత్పత్తినీ పెంచుతుంది. కంచె చేను మేయడం విన్నాం గానీ, దొంగ పంటకు కంచే కాలువ తవ్విపెట్టడం ఇదే.

వీఈజీఎఫ్‌కు ఇంకో గుణం ఉంది, నాళాల గోడలను కారేలా చేస్తుంది. ఇదే వైరస్ సోకిన బి కణాలు క్యాన్సర్‌గా మారి, పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరే అరుదైన లింఫోమా ఒకటుంది. అందులో గడ్డ కనిపించకపోవచ్చు, నీరే కనిపిస్తుంది. ఆ కణాలను ఎలుకల పొట్టలోకి ఎక్కించి, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే నీరు చేరడం ఆగిందని 1999లో చూపించారు.

మరి హెచ్ఐవీ నిర్దోషా? కాదు. రోగనిరోధక శక్తిని దెబ్బతీసి తలుపులు బార్లా తెరవడం ఒకటి. రెండోది, అది సోకిన టి కణాలు (ఇవీ తెల్ల రక్తకణాలే) టాట్ అనే వైరస్ ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. కపోసీ మచ్చల నుంచి తీసిన కణాలు ఆ టాట్ తగిలితే చురుగ్గా పెరిగాయని 1990లో బార్బరా ఎన్సోలి, రాబర్ట్ గాలో బృందం ప్రకటించింది. నాళాల గోడల మీద వీఈజీఎఫ్ కూర్చునే గ్రాహకం మీదే టాట్ కూడా కూర్చోగలదని తర్వాత తేలింది. ఒక వైరస్ బి కణంలో, ఇంకోటి టి కణంలో. కబురు వెళ్లే చిరునామా మాత్రం ఒకటే.

కాబట్టి హెచ్ఐవీ మందులు సరిగ్గా వాడితే చాలామందిలో మచ్చలు తగ్గుముఖం పడతాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లదే అసలు టెన్షన్. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి, వాడితే దాక్కున్న వైరస్‌కు పండగ. మందు ఆపితే కిడ్నీ పోవచ్చు. ఇటలీ వైద్యులు 15 మంది రోగులకు సైక్లోస్పోరిన్ మానిపించి సిరోలిమస్ ఇచ్చి, ఫలితాన్ని 2005లో ప్రచురించారు. ఈస్టర్ ద్వీపం మట్టిలోని బ్యాక్టీరియా నుంచి దొరికిన మందు సిరోలిమస్. రోగనిరోధక శక్తిని అణుస్తుంది, కానీ వీఈజీఎఫ్ కబురు కణంలో నడిచే దారిని కూడా మూసేస్తుంది. మూడు నెలల్లో చర్మం మీది మచ్చలు పోయాయి. కిడ్నీలు నిలిచాయి.