పత్రికా ప్రకటనలు: సరిహద్దు జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల్లోని తెలుగు సంఘాలు, పాఠశాలలు, సేవా సంస్థలు పంపే పత్రికా ప్రకటనలను దిద్ది పేజీలోకి ఎక్కించడం నా వృత్తి. ఒడిశాలోని తెలుగువారి కబుర్లకు తెలుగు పత్రికల్లో దొరికే చోటు తక్కువ. ప్రకటన రాసిన తీరు వల్ల ఆ కాస్త చోటు కూడా చేజారిపోతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: వేదికపై ఉన్న పెద్దలందరి పేర్లూ మొదటి వాక్యంలోనే రావాలి.

వాస్తవం: మొదటి వాక్యం పాఠకుడిది. గుణుపురంలో ఉచిత కంటి వైద్య శిబిరం పెడుతున్నారనుకుందాం. సంఘం పేరు, అధ్యక్షుల పేరు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆపై జ్యోతి ప్రజ్వలన అంటూ సాగే ప్రకటనలో శిబిరం సంగతి నాలుగో పేరాకు గానీ రాదు. అదే ప్రకటన "గుణుపురంలో వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నుంచి ఉచితంగా కంటి పరీక్షలు చేస్తారు. శుక్లాలు ఉన్నట్టు తేలిన వారిని శస్త్రచికిత్సకు పంపుతారు" అని మొదలైతే, చూపు మందగించిన పెద్దవారున్న ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని చదివి వినిపిస్తారు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి కోసం అన్నవి మొదటి పేరాలోనే ముగియాలి. దీనికి మరో కారణం కూడా ఉంది: పేజీలో చోటు చాలనప్పుడు సబ్ ఎడిటర్ వార్తను కింది నుంచి కత్తిరిస్తారు. తేదీ, చిరునామా చివర్లో ఉంటే పోయేవి అవే. పేర్లు చివర్లో ఉంటే, ఒకటి రెండు తగ్గినా వార్తకు లోటు రాదు.

ఇదే శిబిరం గురించి అది ముగిసిన మర్నాడు మాత్రమే ప్రకటన పంపేవారు చాలామంది. ఆ వార్త నిర్వాహకులకు సంతృప్తినిస్తుంది కానీ, రావలసిన రోగికి అందదు. ముందు ఒక చిన్న ప్రకటన, తరువాత ఎంతమందికి పరీక్షలు జరిగాయో, ఎంతమందిని శస్త్రచికిత్సకు ఎంపిక చేశారో చెప్పే మరొక ప్రకటన పంపడం మేలు.

అపోహ: ఊరి పేరు రాస్తే చాలు, డెస్కుకు (వార్తలను దిద్దే పత్రికా విభాగానికి) అన్నీ తెలుసు.

వాస్తవం: ఆంధ్రలో కూర్చున్న డెస్కుకు ఒడిశా భూగోళం అంతగా తెలియదు. రాయగడ అనే జిల్లా ఉంది. పక్కనున్న గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాకు కూడా ఉంది. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి, కంధమాల్ జిల్లాలో జి.ఉదయగిరి, నెల్లూరు జిల్లాలో మరో ఉదయగిరి ఉన్నాయి. కొరాపుట్ జిల్లా అని రాయకపోతే, జయపురాన్ని రాజస్థాన్ రాజధానిగా పొరబడే ప్రమాదం ఉంది. కనుక ఊరు, బ్లాకు, జిల్లా మూడూ రాయండి. మండలం అన్న మాటను అలవాటుగా వాడవద్దు. ఒడిశాలో ఉన్నవి బ్లాకులు. ఒడియా ఇంటిపేర్లను తెలుగులో రాసి, పక్కనే ఒడియా లిపిలో కూడా ఇస్తే అచ్చుతప్పులు తగ్గుతాయి. గౌరవించదలచిన మనిషి పేరును తప్పుగా అచ్చు వేయడం కంటే పెద్ద అవమానం మరొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: ఒడియా పత్రికకు పంపిన ప్రకటననే తెలుగులోకి మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: పాఠకులు వేరు. బరంపురంలో ఒడియా పత్రిక చదివేవారికి స్థానిక నేపథ్యం తెలుసు. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో తెలుగు పత్రిక చదివేవారికి రెండు ముక్కల్లో చెప్పాలి. ఉదాహరణకు ఆగస్టు 29న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి జయంతి జరిగితే, ఆయన ఆ పట్టణంలోనే ఉపాధ్యాయుడిగా పనిచేశారని, సవర భాషను నేర్చుకుని దానికోసం కృషి చేశారని ఒక్క వాక్యం చేర్చితే అవతలి జిల్లాల వారికి కూడా ఆ వార్త తమదే అనిపిస్తుంది.

అపోహ: విశేషణాలు ఎక్కువైతే ప్రాముఖ్యం పెరుగుతుంది.

వాస్తవం: "అంగరంగ వైభవంగా", "కనీవినీ ఎరుగని రీతిలో" వంటివి మేము మొదట కొట్టేసే మాటలు. వాటికి బదులు ఎంతమంది వచ్చారో, ఏం జరిగిందో రాయండి.

అపోహ: వ్యాపార ప్రకటన ఇచ్చినవారి వార్త తప్పకుండా వేయాలి.

వాస్తవం: వార్తలూ వ్యాపార ప్రకటనలూ వేర్వేరుగా గుర్తించగలిగేలా ఉండాలని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతుంది. డబ్బు చెల్లించి వేయించుకున్నది వార్త వేషంలో రావడం పాఠకుడికి చేసే ద్రోహం. అందుకే ఈ విషయంలో విలేకరిని ఒత్తిడి చేయవద్దని మనవి.

అపోహ: లెటర్‌హెడ్ మీద రాసి ఫొటో తీసి పంపితే చాలు.

వాస్తవం: ఆ ఫొటోలోని ప్రతి అక్షరాన్నీ మళ్లీ టైపు చేయాలి, ఆ సమయం లేనప్పుడు ప్రకటన పక్కన పడుతుంది. యూనికోడ్ తెలుగులో, అంటే ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా చదవగలిగే తెలుగులో టైపు చేసి పంపండి. యూనికోడ్ కాని 'అను' (Anu) ఫాంట్లలో చేసిన ఫైలు మా దగ్గర తెరిస్తే తరచుగా అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి అచ్చులో మసకబారుతుంది కాబట్టి దాన్ని డాక్యుమెంటుగా పంపాలి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో కింద రాయాలి.

జిల్లా పేజీలు ప్రధాన పేజీల కంటే ముందే ముగుస్తాయి, కనుక సాయంత్రం లోపు పంపడం మంచిది. చివర్లో బాధ్యుల పేరు, ఫోన్ నంబరు తప్పనిసరి. ఆ నంబరు వివరాలు తెలిసిన వ్యక్తిదై ఉండాలి, ఆ సాయంత్రం ఆయన ఫోన్ ఎత్తాలి. తేదీ, వారం ఒకదానికొకటి సరిపోకపోతే, అడిగి సరిచూసుకోలేని ప్రకటనను మేము పేజీలో పెట్టలేము.