రంగు కింద దాగే పని: పెయింటర్లతో పని చేయించుకునేటప్పుడు అపోహలు, వాస్తవాలు

బ్రష్ పట్టి ఈ పనిలోకి వచ్చాను, ఇప్పుడు పెయింటర్ల టీమ్‌ను నడుపుతున్నాను. ఇంటివాళ్లకూ మేస్త్రీకీ మాటామాటా వచ్చేది ఎక్కువగా ఆఖరి కోటు పడ్డాకే. కానీ తప్పు జరిగేది అంతకు చాలా ముందు, లప్పం (గోడను నున్నగా చేసే పుట్టీ) దగ్గరో ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) దగ్గరో. ఒక్కోసారి పని మొదలుకాకముందే, మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకోకపోవడం దగ్గర.

అపోహ: రేటు కుదిరితే ఒప్పందం కుదిరినట్టే.

రేటు ఒక్కటే మాట్లాడుకున్న చోటే గొడవలు ఎక్కువ. లప్పం ఎన్ని కోట్లు? సామాన్లు ఎవరు జరపాలి, ఎవరు కప్పాలి? టేపు, గరుకు కాగితం, నిచ్చెన ఎవరివి? నేల మీద పడిన చుక్కలు ఎవరు తుడవాలి? ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ పగలగొడితే తర్వాత టచప్ ఎవరి ఖాతాలో? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కొలత కూడా ఇద్దరూ కలిసి టేపు పెట్టి కొలవాలి. తలుపులు, కిటికీల వైశాల్యం తీసేస్తారా, లేదా అన్నది అప్పుడే తేలాలి.

చదరపు అడుగు లెక్కా, రోజు కూలీయా అని చాలామంది అడుగుతారు. గోడలు బాగుంటే చదరపు అడుగు లెక్క మేలు. పెచ్చులూడిన పాత గోడల్లో గీకితే గానీ పని ఎంతుందో తెలియదు. అక్కడ ఆ మరమ్మతు వరకు రోజు కూలీయే ఇద్దరికీ న్యాయం. చెల్లింపులు దశలవారీగా పెట్టుకోండి, కొంత మొత్తం ఆఖరి పరిశీలన దాకా ఉంచుకోండి.

ఇంకో మాట. ఇంట్లో నుంచి ఒక్కరే చెప్పాలి, మేస్త్రీకే చెప్పాలి. పొద్దున ఒకరు ఒక షేడ్ చెప్పి, మధ్యాహ్నం ఇంకొకరు కుర్రాడితో వేరేది చెబితే ఆ పని పాడవకుండా ఎవరూ ఆపలేరు.

అపోహ: రోజంతా దగ్గరుండి చూస్తేనే పని బాగా జరుగుతుంది.

పక్కనే నిలబడితే చేసేవాళ్లకు చేయి ఆడదు, మీకు టెన్షన్ తగ్గదు. ఒక దశను ఇంకో దశ కప్పేసే ముందు చూస్తే చాలు. అలాంటివి నాలుగే: గోడ గీకి శుభ్రం చేశాక, లప్పం అరగదీశాక, ప్రైమర్ ఆరాక, మొదటి కోటు ఆరాక. "నేను చూశాకే తర్వాతి కోటు వేయండి" అని మొదటి రోజే చెప్పండి. పని మీద నమ్మకమున్న మేస్త్రీ దీనికి నొచ్చుకోడు.

వీటిలో లప్పం దశ అసలైనది. వెలుతురు ఎదురుగా పడితే గోడ ఎప్పుడూ నున్నగానే కనిపిస్తుంది. గది చీకటి చేసి, టార్చ్‌ను గోడకు ఆనించి, వెలుగు గోడ వెంబడే జారేలా పట్టుకోండి. గుంటలు, బ్లేడు గీతలు, అతుకులు ఒక్కొక్కటీ నీడ పడి బయటికొస్తాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మేస్త్రీకి చూపించండి. తర్వాత అరచేత్తో గోడ నిమరండి. చేతికి తెల్లపొడి అంటితే ప్రైమర్ వేయనివ్వకండి.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఒక ఇంట్లో మా కుర్రాళ్లు పొడి తుడవకుండానే ప్రైమర్ కొట్టేశారు, నేనూ చూసుకోలేదు. రెండు కోట్ల రంగు అయ్యాక స్విచ్ బోర్డు పక్కన అంటించిన టేపు లాగితే, దాంతోపాటు అరచేయంత పొర లేచి వచ్చింది. తిప్పి చూస్తే దాని వెనకంతా సన్నటి లప్పం పొడి. ఆ గది మొత్తం గీకించి మళ్లీ వేయించాను.

అపోహ: ఖరీదైన రంగు వేస్తే చెమ్మ ఆగిపోతుంది.

నీరు వచ్చే దారి మూయకుండా పైన ఏ రంగు వేసినా పొక్కులు వస్తాయి. గోడలోని లవణాలు నీటితో పాటు బయటికొచ్చి తెల్లగా పూస్తాయి. అనుమానముంటే అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు తేమ పడితే అది గోడలో నుంచి వచ్చేదే. ముందు ప్లంబర్‌ను పిలవాలి, పైకప్పు పగుళ్లు చూడాలి, పెయింటర్ ఆ తర్వాతే. కొత్త సిమెంట్ ప్లాస్టరింగ్‌కైతే సాధారణంగా 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంట్‌లోని క్షారం రంగును తినేస్తుంది.

అపోహ: రంగులో నీళ్లు కలిపితే మోసం చేస్తున్నట్టే.

ఎమల్షన్లలో, అంటే నీటితో పలచన చేసే గోడ రంగుల్లో, చాలావాటికి కొంత నీరు కలపాల్సిందే. ఎంత కలపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. 40 శాతం అని ఉంటే లీటరు రంగుకు 400 మిల్లీలీటర్లు. కంటితో చూసి మగ్గుతో పోసేయడమే తప్పు. ఒక బకెట్‌కూ ఇంకో బకెట్‌కూ చిక్కదనం మారి గోడ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కొలత గీతలున్న మగ్గు ఒకటి మీరే కొనివ్వండి.

అపోహ: ఇంకో కోటు వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

రంగు గుంటలను పూడ్చదు. మెరుపున్న రంగైతే వాటిని ఇంకా ఎత్తి చూపిస్తుంది.

అపోహ: షేడ్ కార్డ్‌లో చూసిన రంగే గోడ మీద వస్తుంది.

చిన్న ముక్కలో లేతగా ఉన్నది నాలుగు గోడలకూ పడితే ముదురుగా అనిపిస్తుంది. రెండు గోడల మీద రెండేసి అడుగుల చదరం వేయించి, పగలూ రాత్రీ చూసుకోండి. నచ్చాక గదికి సరిపడా ఒకేసారి తెప్పించి, డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలిపించండి. ఒకే షేడ్ అయినా బ్యాచ్ మారితే కాస్త తేడా రావచ్చు. గోడ మధ్యలో రంగు అయిపోయి కొత్త డబ్బా తెస్తే ఆ గీత సాయంత్రం వెలుతురులో తెలిసిపోతుంది.

అపోహ: పాత రంగు గీకితే వచ్చేది మామూలు దుమ్మే.

ఇక్కడ మాత్రం నేను ఎవరి మాటా వినను. పాత ఇళ్ల రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, కిటికీలకు వేసిన ఆయిల్ పెయింట్లలో సీసం ఉండొచ్చు. ఆ పొడి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, గర్భిణులకూ హాని. పొడిగా గీకించకండి, తడిపి గీకించండి. గది తలుపు మూసి సందులకు షీటు కట్టించండి, పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తించండి. ఆ పని జరిగినన్ని రోజులూ పిల్లలు ఇంట్లో ఉండకూడదు. పెయింటర్లకు సన్నటి పొడిని ఆపే మాస్క్ మీరే ఇవ్వండి. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చేది వాళ్లే.

ఎలక్ట్రీషియన్, ప్లంబర్, కార్పెంటర్ ముగ్గురూ వెళ్లిపోయాకే ఆఖరి కోటు వేయించండి. మిగిలిన రంగు గట్టి మూత డబ్బాలో పోయించి షేడ్ కోడ్, గది పేరు, తేదీ రాసిపెట్టుకోండి. గోడలను మాత్రం నెల రోజుల దాకా తడిగుడ్డతో రుద్దకండి, పైకి ఆరినట్టున్నా ఎమల్షన్ పూర్తిగా గట్టిపడటానికి అన్నాళ్లు పట్టొచ్చు.