పల్చటి రేకుని అయాన్ కొడితే ఎన్ని ఎలక్ట్రాన్లు? ఈ లెక్క ఎక్కడ తేడా కొట్టింది

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో బీఎస్సీ ఫిజిక్స్ చదివిన ఎవర్నడిగినా రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం గడగడా చెప్పేస్తారు, పల్చటి బంగారు రేకు మీదకి వదిలిన ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం) ఎటు తిరిగింది, ఎందుకు తిరిగింది అన్నీ, కానీ ఆ దెబ్బకి రేకులోంచి ఊడొచ్చిన ఎలక్ట్రాన్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, పరీక్షలో రాదు కదా. నిజానికి ఆ కథ ఇంకా పాతది. 1904 ప్రాంతంలోనే జె.జె.థామ్సన్ ఆల్ఫా కణాలతో పాటు బాగా స్లో ఎలక్ట్రాన్లు కూడా వస్తున్నాయని చూసి వాటికి డెల్టా కిరణాలని పేరు పెట్టాడు.

తర్వాత అందరూ పట్టుకుంది ఒక్కటే, రేకుని కొట్టే ఒక అయాన్‌కి (అంటే చార్జ్ ఉన్న పరమాణువుకి, ప్రోటానూ ఆల్ఫా కణమూ అలాంటివే) ఎన్ని ఎలక్ట్రాన్లు అని. 1957లో స్టెర్న్‌గ్లాస్ అనే ఫిజిసిస్ట్ ఒక సింపుల్ లెక్క ఇచ్చాడు, అయాన్ ఉపరితలం దగ్గర ఎంత ఎనర్జీ పోగొట్టుకుంటే ఎలక్ట్రాన్లూ ఆ నిష్పత్తిలోనే వస్తాయని. లోపల ఎన్ని పుట్టినా స్లోగా ఉండేవి కొద్ది నానోమీటర్ల లోతు నుంచే బయటపడగలవు కాబట్టి పైపొర ఒక్కటే చూస్తే చాలు. ప్రోటాన్లకి ఇది బాగానే కుదిరింది.

1970లో ఇంకో కొత్త సంగతి తేలింది. క్రుక్స్, రడ్ గ్యాస్‌లో, హారిసన్, లూకాస్ రేకులతో విడివిడిగా చూశారు. బయటికొచ్చే ఎలక్ట్రాన్లలో ఒక గుంపు సరిగ్గా అయాన్ స్పీడుతోనే, అది వెళ్లే దిక్కులోనే పోతోంది, కదిలే బస్సు రాడ్డు పట్టుకుని పక్కనే పరిగెత్తే కుర్రాడిలాగ. వీటినే కాన్వాయ్ ఎలక్ట్రాన్లంటారు. 1 మెగా (అంటే పది లక్షల) ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్‌తో వచ్చేవాటి ఎనర్జీ సుమారు 545 ఎలక్ట్రాన్ వోల్టులు, స్పీడు ఒకటే, ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువు కాబట్టి, భాగించి చూసుకోండి. అదే ప్రోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ని నేరుగా గుద్దితే అది రెట్టింపు స్పీడుతో ఎగురుతుంది, అంటే ఎనర్జీ నాలుగు రెట్లు.

అసలు తిరకాసు బరువైన అయాన్లతో వచ్చింది. ఫ్రాన్స్‌లో గానిల్ యాక్సిలరేటర్ (అయాన్లని బాగా స్పీడుగా తోసే యంత్రం) 1983లో ప్రయోగాలు మొదలుపెట్టాక ఇలాంటి బీమ్‌లు బాగా అందుబాటులోకొచ్చాయి, ఒక్కో అయాన్‌కి ఎలక్ట్రాన్లు వందల్లో వస్తున్నాయి, అయినా పోయిన ఎనర్జీతో పోలిస్తే ప్రోటాన్లకి కుదిరిన స్టెర్న్‌గ్లాస్ లెక్క చెప్పినదానికన్నా తక్కువే. ఒక కారణం ఏంటంటే అయాన్ రేకులోకి దూరేటప్పుడు దాని చార్జ్ ఇంకా స్థిరపడదు, లోపలికి పోయేకొద్దీ మారుతూ ఉంటుంది, అందుకే ముందు వైపూ (అయాన్ బయటికొచ్చే వైపు) వెనక వైపూ (అది దూరే వైపు) లెక్కలు వేరు. పైగా ఫాస్ట్ ఎలక్ట్రాన్లు ముందుకే దూసుకుపోయి దారిలో ఇంకొన్నిట్ని లేపుతాయి, అందుకని రేకు మందం పెరిగేకొద్దీ ముందు వైపు సంఖ్య పెరిగి ఒక చోట ఆగుతుంది.

నా మటుకు నాకు ఇదంతా పుస్తకాల గొడవ అనిపించదు. ఢిల్లీలో ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్) వాళ్ల పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్‌లో అయాన్ల చార్జ్ మార్చేవి ఈ పల్చటి కార్బన్ రేకులే, కణాల టైమింగ్ పట్టే డిటెక్టర్లు చాలావాటికి సిగ్నల్ ఇచ్చేవీ రేకులోంచి వచ్చిన ఈ ఎలక్ట్రాన్లే. జపాన్‌లో చిబాలో 1994 నుంచి కార్బన్ అయాన్లతో కేన్సర్ ట్రీట్‌మెంట్ చేస్తున్నారు, అక్కడ కణితిలో డీఎన్ఏకి తగిలే దెబ్బలో పెద్ద వాటా అయాన్ లేపిన ఎలక్ట్రాన్లదే, కాబట్టి మొత్తం ఎనర్జీ ఎంతో తెలిస్తే సరిపోదు, అవి ఎంత దూరం, ఎటు పోతాయో కూడా తెలియాలి.